బెస్ట్ సాంగ్ ఏదో ఎవరు డిసైడ్ చేస్తారు? నల్లజాతి గాయనుల తొలి ఆల్బమ్‌లు, వందేళ్ల లెక్కల కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న గొడవతో మొదలుపెడతా. గొడవ మా పాత ఆఫీస్‌లో, లంచ్ టేబుల్ దగ్గర.

అప్పట్లో నేను ఇంకా కోడ్ రాసుకుంటూ బతుకుతున్నా. మా టీమ్‌లో నలుగురైదుగురికి ఇంగ్లిష్ పాటల పిచ్చి. ఒకరోజు టాపిక్ ఏంటంటే, అమెరికాలో నల్లజాతి గాయనుల మొదటి ఆల్బమ్‌లు తీసుకుని, వాటిలో పాటలకి ర్యాంకులు ఇవ్వాలి. విట్నీ హ్యూస్టన్, ట్రేసీ చాప్‌మన్, లారిన్ హిల్. ఒక్కొక్కరూ ఒక్కో పాట పేరు చెప్పి కొట్టుకుంటున్నారు. నేను ఇంజినీర్ బుద్ధి చూపించా. ఏ పాటని ఎన్నిసార్లు ప్లే చేశారో నంబర్లు తీసి, చిన్న స్క్రిప్ట్ రాసి, సార్ట్ కొట్టి గ్రూప్‌లో పెట్టేశా. పది నిమిషాల పని. "ఇదిగో, గొడవ అయిపోయింది" అన్నా.

మా టీమ్‌లో ఒక అక్క ఉండేది. క్యాసెట్లు, సీడీల కాలం చూసిన మనిషి. లిస్ట్ అంతా చూసి అడిగింది: "మరి నీకు నచ్చిన పాట ఎక్కడుంది తమ్ముడూ?" వెతికా. ట్రేసీ చాప్‌మన్ 'బిహైండ్ ద వాల్'. లిస్ట్‌లో ఎక్కడో అడుగున ఉంది. అప్పుడు అక్క ఒక్కటే మాట అంది: "నువ్వు పాటల్ని సార్ట్ చేయలేదు. జనం ఎన్నిసార్లు నొక్కారో దాన్ని సార్ట్ చేశావు."

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. తర్వాత చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, అమెరికాలో వందేళ్లుగా నడుస్తున్న గొడవ కూడా ఇదే. ఏది మంచి పాట అనే ప్రశ్న కంటే ముందు ఇంకోటి ఉంది. లెక్క ఎవరు పెడుతున్నారు? దేన్ని లెక్కలోకి తీసుకుంటున్నారు? లేట్ చేయకుండా అక్కడికే వెళ్దాం.

మొదటి లెక్క: వేరే వరస

1920 ఆగస్టు. న్యూయార్క్. మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని ఓకే రికార్డ్స్ అనే కంపెనీకి 'క్రేజీ బ్లూస్' పాడింది. ఒక నల్లజాతి మహిళ పాడిన బ్లూస్ పాట రికార్డుగా రావడం అదే మొదలు. దాన్ని రాసిన పెర్రీ బ్రాడ్‌ఫర్డ్ కంపెనీల చుట్టూ తిరిగి తిరిగి ఈ రికార్డింగ్ సాధించాడు. నల్లజాతి వాళ్లు రికార్డులు కొనరు అని కంపెనీల నమ్మకం. రికార్డు వచ్చింది, విపరీతంగా అమ్ముడుపోయింది. నమ్మకం కాస్తా తుస్సుమంది.

అయితే కంపెనీలు చేసిన పని చూడండి. "సరే, మార్కెట్ ఉంది" అని ఒప్పుకుని, ఆ పాటలకి వేరే కేటలాగు పెట్టాయి. దాని పేరు 'రేస్ రికార్డ్స్'. పాట ఎలా ఉందో దాన్ని బట్టి కాదు, పాడిన మనిషి ఎవరో దాన్ని బట్టి వేరే అర.

1942లో బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి శ్రోతల కోసం మొదటి చార్ట్ పెట్టింది. పేరు 'హార్లెమ్ హిట్ పరేడ్'. ఎలా లెక్కపెట్టారో తెలుసా? న్యూయార్క్ హార్లెమ్‌లోని కొన్ని రికార్డు షాపులని అడిగి. దేశం మొత్తం నల్లజాతి శ్రోతల టేస్ట్ ఏంటో ఒక్క పేటలోని షాపులు చెప్పేశాయన్నమాట. డేటా సైన్స్ చదివిన ఎవరికైనా ఇక్కడ నవ్వొస్తుంది, నవ్వు తర్వాత కొంచెం బాధ కూడా వేస్తుంది.

1945లో ఆ చార్ట్‌కి 'రేస్ రికార్డ్స్' అనే పేరే వచ్చింది. 1949లో అది 'రిథమ్ అండ్ బ్లూస్'గా మారింది. ఆ పేరు సూచించింది బిల్‌బోర్డ్‌లో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, రెండు నిమిషాల్లో మళ్లీ వస్తాడు.

అసలు 'తొలి ఆల్బమ్' అంటే ఏంటి?

మనం 'డెబ్యూ ఆల్బమ్' అని చాలా ఈజీగా అనేస్తాం. హీరో మొదటి సినిమా ఏదంటే చైల్డ్ ఆర్టిస్ట్‌గా చేసింది లెక్కేయాలా వద్దా అని మనం కొట్టుకోమూ? అచ్చం అలాంటిదే ఇది.

అరీతా ఫ్రాంక్లిన్‌ని తీసుకోండి. 1956లో, 14 ఏళ్ల వయసులో, డెట్రాయిట్‌లో వాళ్ల నాన్న పాస్టర్‌గా ఉన్న చర్చిలో పాడిన భక్తి పాటలు రికార్డుగా వచ్చాయి. 1961లో కొలంబియా కంపెనీ నుంచి ఆమె మొదటి స్టూడియో ఆల్బమ్ వచ్చింది. కానీ చాలామంది ఫ్యాన్స్‌కి అరీతా 'మొదలైంది' 1967లో. అట్లాంటిక్ కంపెనీలో ఆమె చేసిన మొదటి ఆల్బమ్‌తో. 'రెస్పెక్ట్' పాట ఉన్నది అందులోనే. ఆ ఆల్బమ్ ప్రొడ్యూసర్ ఎవరో తెలుసా? జెర్రీ వెక్స్‌లర్. 18 ఏళ్ల ముందు చార్ట్‌కి పేరు పెట్టిన మనిషే.

మరి ఈ మూడింట్లో డెబ్యూ ఏది? చర్చిలో పాడిన చిన్నపిల్లదా, కొలంబియాదా, అట్లాంటిక్‌దా? సమాధానం మారితే మీ లిస్ట్ మొత్తం మారిపోతుంది.

ఇది ఫ్యాన్స్ గొడవ మాత్రమే అనుకోకండి. గ్రామీలు ఇచ్చేవాళ్లే ఇందులో తడబడ్డారు. విట్నీ హ్యూస్టన్ మొదటి ఆల్బమ్ 1985 ఫిబ్రవరి 14న వచ్చింది. మరుసటి ఏడాది గ్రామీల్లో 'బెస్ట్ న్యూ ఆర్టిస్ట్' కేటగిరీకి ఆమె పనికిరాదన్నారు. కారణం? అంతకుముందు వేరే గాయకుల ఆల్బమ్‌లలో ఒకటి రెండు డ్యూయెట్లు పాడిందట. కాబట్టి 'కొత్త' కాదట.

ఇప్పుడు 1999కి రండి. లారిన్ హిల్‌కి అదే 'బెస్ట్ న్యూ ఆర్టిస్ట్' ఇచ్చారు. ఆమె అప్పటికే ఫ్యూజీస్ గ్రూప్‌లో స్టార్. ఆ గ్రూప్‌తో 1997లోనే గ్రామీలు గెలిచింది. రెండు డ్యూయెట్లు పాడిన విట్నీ పాతదైపోయింది, గ్రామీ ఇంట్లో పెట్టుకున్న లారిన్ కొత్తదైపోయింది. లారిన్‌కి అది దక్కినందుకు నాకేం బాధ లేదు. రూల్ ఎంత సాగుతుందో చూడమంటున్నా, అంతే.

లెక్కలోకే రాని పాటలు

ఇక్కడ ఒక టెక్నికల్ విషయం చెప్పాలి. బోర్ కొట్టదు, ప్రామిస్. అమెరికాలో పాటల మెయిన్ చార్ట్ 'హాట్ 100'. 1998 డిసెంబర్ దాకా దానికో రూల్ ఉండేది. షాపులో విడిగా సింగిల్‌గా అమ్మిన పాటే చార్ట్‌లోకి వస్తుంది. ఆల్బమ్‌లో మాత్రమే ఉన్న పాట రేడియోలో రోజంతా మోగినా సరే, లెక్కలో సున్నా. అంటే 12 పాటల ఆల్బమ్‌లో మూడు పాటలు సింగిల్స్‌గా వదిలితే, మిగతా తొమ్మిది పోటీలోనే లేవు. ఆ మూడు ఏవో ఎంచేది కంపెనీ.

కంపెనీ అంచనా ఎప్పుడూ కరెక్టేనా? విట్నీ కథే చూడండి. ఆమె ఆల్బమ్ నుంచి 'యూ గివ్ గుడ్ లవ్' సింగిల్‌గా వదిలారు. రికార్డు రెండో వైపు, అంటే బీ సైడ్, 'గ్రేటెస్ట్ లవ్ ఆఫ్ ఆల్' పెట్టారు. బీ సైడ్ అంటే మనం కొసరు అంటామే, అది. ఆ కొసరు పాటే 1986లో మెయిన్ సింగిల్‌గా మళ్లీ వచ్చి హాట్ 100లో నంబర్ వన్ అయింది. ఒక మహిళ చేసిన ఒకే ఆల్బమ్ నుంచి మూడు నంబర్ వన్ పాటలు రావడం అదే మొదటిసారి. ఆ మూడో పాట ఇదే. ఇంకోటి, ఆల్బమ్ నంబర్ వన్‌కి చేరింది 1986 మార్చిలో, అంటే రిలీజైన ఏడాది తర్వాత. మొదటి వీకెండ్ కలెక్షన్లు చూసి ఫ్లాప్ అనేసే మన కాలంలో అయితే ఆ ఆల్బమ్‌ని ఎప్పుడో పక్కన పడేసేవాళ్లం.

లారిన్ హిల్ దగ్గర ఇంకా విచిత్రం. 1998 ఆగస్టు 25న 'ద మిస్ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్' వచ్చింది. అప్పటికి ఆమె వయసు 23. బీటెక్ అయిపోయి మనం మొదటి ఉద్యోగంలో ఉండే వయసు. ఆ సీడీ చివర్లో, వెనక అట్ట మీద పేరు కూడా వేయని పాట ఒకటుంది. హిడెన్ ట్రాక్ అంటారు. 'కాన్ట్ టేక్ మై ఐస్ ఆఫ్ ఆఫ్ యూ' అనే 1960ల పాటని ఆమె తన స్టైల్‌లో పాడింది. లిస్ట్‌లో పేరు లేని ఆ పాటకే గ్రామీల్లో ఉత్తమ పాప్ గాయని కేటగిరీలో నామినేషన్ వచ్చింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే మరి.

ఇక నా పాట. 'బిహైండ్ ద వాల్'. 1988లో వచ్చిన ట్రేసీ చాప్‌మన్ మొదటి ఆల్బమ్‌లో ఉంది. గిటార్ లేదు, డ్రమ్స్ లేవు, ఒట్టి గొంతు. పక్కింట్లో భార్యని కొడుతున్న చప్పుడు రాత్రిపూట గోడ అవతల నుంచి వినిపిస్తుంటే, పోలీసులు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంటే, ఇవతల పడుకున్న మనిషి చెప్పే మాటలవి. రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. అయ్యాక గదిలో సౌండ్ లేకుండా కాసేపు అలా కూర్చుంటాం.

ఆ పాటని సింగిల్‌గా వదల్లేదు. కాబట్టి హాట్ 100లోకి వచ్చే దారే లేదు. నా స్క్రిప్ట్‌లో అది అడుగున పడింది కూడా అందుకే. సింగిల్స్ రేడియోలో మోగాయి, టీవీలో వచ్చాయి, తర్వాత ప్లేలిస్ట్‌లలో చేరాయి, మళ్లీ మళ్లీ నొక్కించుకున్నాయి. 1988లో కంపెనీ పెట్టిన వరసనే నేను పదుల ఏళ్ల తర్వాత కొత్త నంబర్లతో మళ్లీ ప్రింట్ చేశా. ఇన్‌పుట్‌లో ఉన్న పక్షపాతం అవుట్‌పుట్‌లో 'డేటా' అనే పేరుతో బయటికొస్తుంది. కోడ్ రాసేవాళ్లకి ఇది తెలియంది కాదు. పాటల దగ్గరికొచ్చేసరికి నేనే మర్చిపోయా.

ఆల్బమ్ అదే, ర్యాంక్ 312 నుంచి 10

"సరే, ప్లే కౌంట్లు వద్దు, నిపుణుల్నే అడుగుదాం" అంటారా? అది కూడా చూద్దాం.

రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో 500 గొప్ప ఆల్బమ్‌ల లిస్ట్ వేసింది. లారిన్ హిల్ ఆల్బమ్‌కి 312వ స్థానం. అప్పటికే ఆ ఆల్బమ్ ఐదు గ్రామీలు గెలిచింది. అందులో 'ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్' ఒకటి. హిప్‌హాప్ నుంచి ఆ అవార్డ్ అందుకున్న మొదటి ఆల్బమ్ అది. అయినా 312. 2012లో లిస్ట్‌ని కొంచెం సవరిస్తే 314కి దిగింది.

2020లో లిస్ట్‌ని మళ్లీ మొదటి నుంచి చేశారు. 300 మందికి పైగా గాయకులు, ప్రొడ్యూసర్లు, విమర్శకులతో కొత్తగా ఓట్లు వేయించారు. ఈసారి అదే ఆల్బమ్‌కి 10వ స్థానం. 2003లో నంబర్ వన్ బీటిల్స్ ఆల్బమ్, 2020లో నంబర్ వన్ మార్విన్ గే ఆల్బమ్. మధ్యలో 2017లో ఎన్‌పీఆర్ రేడియో మహిళలు చేసిన ఆల్బమ్‌లకి లిస్ట్ వేసింది. అందులో ఓట్లేసింది దాదాపు అందరూ మహిళలే. అక్కడ లారిన్‌ది రెండో స్థానం. 2024లో ఆపిల్ మ్యూజిక్ వేసిన 100 ఆల్బమ్‌ల లిస్ట్‌లో ఏకంగా నంబర్ వన్.

ఆ సీడీలో ఒక్క స్వరం కూడా మారలేదు. ఆమె ఆ తర్వాత ఇంకో సోలో స్టూడియో ఆల్బమ్ చేయలేదు కూడా. మారింది ఓటేసే చేతులు. 1998లో హాస్టల్ గదుల్లో ఆ పాటలు విని పెరిగిన పిల్లలు 2020కి పెద్దవాళ్లయ్యారు, ఎడిటర్లయ్యారు, ప్రొడ్యూసర్లయ్యారు. ఇరవై ఏళ్ల పాటు 'టు జాయన్' గొప్పదా, 'ఎక్స్ ఫ్యాక్టర్' గొప్పదా అని కొట్టుకున్న ఫ్యాన్సే ఆ ఆల్బమ్‌ని బతికించారు. టైంపాస్ అనుకునే ఆ గొడవలు చేసిన పని ఇది.

ర్యాంక్ వెనక డబ్బు

"సరేలే బ్రో, ఏ పాట పైనుంటే ఏంటి, వింటే చాలదా?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. చాలదు. ఒక కథ చెప్తా.

నీనా సిమోన్. క్లాసికల్ పియానిస్ట్ అవ్వాలనుకున్న అమ్మాయి. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ సీటు ఇవ్వలేదు. నల్లజాతి అమ్మాయిని కాబట్టే ఇవ్వలేదని ఆమె జీవితాంతం నమ్మింది. బార్లలో పియానో వాయించి బతికింది. 1957 చివర్లో మొదటి ఆల్బమ్ 'లిటిల్ గర్ల్ బ్లూ' రికార్డ్ చేసింది. వయసు 24. ఆ రికార్డింగ్స్ మీద హక్కులన్నీ సుమారు 3,000 డాలర్లకి కంపెనీకి రాసిచ్చేసింది.

ఆ ఆల్బమ్‌లో 'మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ' అని ఒక పాట ఉంది. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 30 ఏళ్ల తర్వాత, 1987లో, షనెల్ నంబర్ 5 సెంటు యాడ్‌లో వాడారు. బ్రిటన్‌లో జనం ఊగిపోయారు, పాట అక్కడి చార్ట్‌లో 5వ స్థానానికి వెళ్లింది. ర్యాంక్ వచ్చింది. కానీ ఆ రికార్డింగ్ హక్కులు ఎప్పుడో చేయిజారిపోయాయి. పెరట్లో కాసిన కాయ ముప్పై ఏళ్లకి పండింది, అప్పటికి పెరడే ఆమెది కాదు.

ఇప్పుడు దీని పక్కన ట్రేసీ చాప్‌మన్‌ని పెట్టండి. 1988 జూన్ 11, లండన్ వెంబ్లీ స్టేడియం. జైల్లో ఉన్న నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కోసం కచేరీ. 60కి పైగా దేశాల్లో టీవీలో వస్తోంది. ట్రేసీ అప్పటికే తన పాటలు పాడేసి దిగిపోయింది. స్టీవీ వండర్ స్టేజ్ ఎక్కాలి, కానీ ఆయన కీబోర్డ్ సిస్టమ్‌కి కావాల్సిన హార్డ్ డిస్క్ కనిపించలేదు. ఖాళీ నింపడానికి ట్రేసీని మళ్లీ పంపారు. ఒక అమ్మాయి, ఒక గిటార్, ఒక మైక్. 'ఫాస్ట్ కార్' పాడింది. ఆ వేసవిలోనే పాట హాట్ 100లో 6వ స్థానానికి, ఆల్బమ్ నంబర్ వన్‌కి వెళ్లాయి.

35 ఏళ్ల తర్వాత, 2023లో, ల్యూక్ కోంబ్స్ అనే తెల్లజాతి కంట్రీ గాయకుడు అదే పాటని మళ్లీ పాడాడు. అతను పుట్టకముందే వచ్చిన పాట అది. అతని వెర్షన్ హాట్ 100లో 2వ స్థానానికి వెళ్లింది, కంట్రీ రేడియో చార్ట్‌లో నంబర్ వన్ అయింది. పాటంతా ట్రేసీ ఒక్కరే రాసింది కాబట్టి క్రెడిట్ మొత్తం ఆమెదే. ఒంటరిగా రాసిన పాటతో కంట్రీలో నంబర్ వన్ అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'సాంగ్ ఆఫ్ ద ఇయర్' కూడా ఆమెకే వచ్చింది. నల్లజాతి రచయితల్లో అది అందుకున్న మొదటి మనిషి కూడా ఆమే. 2024 ఫిబ్రవరిలో గ్రామీ స్టేజ్ మీద ఇద్దరూ కలిసి పాడారు. ఆ రాత్రే అసలు పాట, 1988 నాటిది, ఐట్యూన్స్‌లో నంబర్ వన్ అయింది.

కంట్రీ చార్ట్‌లో మొదటిసారి అనే మాటని ఒక్కసారి ఆలోచించండి. 1920ల్లో పెట్టిన 'వేరే అర' ఎంతకాలం నిలిచిందో ఆ ఒక్క ముక్కలో తెలుస్తుంది. పాట 1988లోనే ఉంది. గిటార్ మీద ఒక మనిషి చెప్పే పేదరికం కథే అది. కంట్రీ అరలోకి రావడానికి ఇంకో గొంతు కావాల్సి వచ్చింది.

మరి లిస్ట్ వేయాలా, వద్దా?

వేయండి. నేను కూడా వేస్తున్నా. లిస్ట్ వేయడం వల్లే కదా ఆల్బమ్ మొత్తం వింటాం. కానీ ఇప్పుడు స్క్రిప్ట్ రాయట్లేదు. ముందు ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరిదాకా ఒకసారి స్కిప్ కొట్టకుండా వింటా. తర్వాత ఏ పాట సింగిల్, ఏది కాదు అని చూసి, సింగిల్ కాని వాటిని ఇంకోసారి వింటా. ఎవరు రాశారు, ఎవరు వాయించారు అని క్రెడిట్స్ చదువుతా. లారిన్ హిల్ ఆల్బమ్ మీదే క్రెడిట్ల గురించి నలుగురు సంగీతకారులు కేసు వేస్తే 2001లో రాజీతో ముగిసింది. మనం ఇష్టపడే మనిషి ఆల్బమ్ అయినా సరే, ఆ ప్రశ్న అడగాల్సిందే.

ఈ ఎపిసోడ్ రాసేటప్పుడు ఆ అక్కకి మెసేజ్ పెట్టా. "అక్కా, ట్రేసీ ఆల్బమ్‌లో నీ నంబర్ వన్ ఏది?" అని. ఇన్నేళ్లలో నేను ఆ ప్రశ్న ఆమెని అడగనే లేదు. నా లిస్ట్ చూపించాను గానీ, ఆమెది అడగలేదు. రిప్లై వచ్చింది: "ఫాస్ట్ కారే రా. ఎన్నిసార్లు విన్నా అదే. నీ స్క్రిప్ట్ ఆ ఒక్కటీ కరెక్ట్‌గానే చెప్పింది."

సో, మీ లిస్ట్ కూడా కింద రాయండి. ఒక్కటే కండిషన్, అందులో సింగిల్ కాని పాట కనీసం ఒకటి ఉండాలి, ఎందుకు నచ్చిందో ఒక లైన్ ఉండాలి. ఈ వారం చదివి, నచ్చినవి వచ్చే ఎపిసోడ్‌లో చదివి వినిపిస్తా. ఉంటా మరి, బై.